ఆకుపచ్చ స్ఫటికాలకు నేను తెచ్చిన జిగురు

తొంభై రెండు వేల రూపాయల జిగురు సీసాను అరవై వేలకు ఇప్పించిన ఘనుణ్ణి నేను. విదేశీ కంపెనీ ధర చూసి జంకకుండా, ముంబై వ్యాపారిని ఫోనులోనే పిండి, అదే పని చేసే సరుకును మూడో వంతు తక్కువకు తెచ్చిపెట్టాను. మా వృత్తిలో నాకంటే బాగా బేరమాడినవాడు ఎవరైనా ఉంటే చూపించండి, మణికొండలో నా ఆఫీసు షట్టరు తాళాలు ఆయన చేతిలో పెడతాను. 2023 జనవరిలో ఆ బేరం కుదిరిన సాయంత్రం నన్ను నేను మెచ్చుకున్నంతగా మా ఆవిడ పెళ్ళయిన పదహారేళ్ళలో ఏనాడూ మెచ్చుకోలేదు. ఆ మెచ్చుకోలుకు ఎంత పడిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ల్యాబ్ సప్లయర్‌ని. హైటెక్ సిటీ అంటే అందరికీ అద్దాల మేడలు, మెడలో ట్యాగులు వేసుకున్న పిల్లలు గుర్తొస్తారు. ఆ మేడల వెనక, గచ్చిబౌలి వైపు, చెట్ల మధ్య పాత రాతి భవనాల్లో పరిశోధనశాలలు ఉన్నాయి. అక్కడికి కావలసిన గాజు గొట్టాలు, రసాయనాలు, గ్యాస్ సిలిండర్లు, పంపులు మావంటి వాళ్ళం తెచ్చి ఇస్తాం. మా నాన్నది మూసాపేటలో కిరాణా కొట్టు. పప్పులో రాళ్ళు ఏరుతూ లెక్కలు నేర్చుకున్నవాణ్ణి, బీఎస్సీ కెమిస్ట్రీ అత్తెసరు మార్కులతో గట్టెక్కినవాణ్ణి. కొట్టు బుద్ధి, కెమిస్ట్రీ డిగ్రీ కలిస్తే నా వంటివాడు తయారవుతాడు.

మా వ్యాపారం రెండు ముక్కల మీద నడుస్తుంది. ఒకటి ఎల్-వన్. అంటే అందరికంటే తక్కువ ధర వేసినవాడు. ఆర్డరు వాడికే. రెండోది ఆర్ ఈక్వివలెంట్. ల్యాబు వాళ్ళు తమకు కావలసిన వస్తువు పేరు, కంపెనీ రాసి, చివర ఈ మాట చేరుస్తారు. ‘ఇదిగానీ, దీనికి సమానమైనదిగానీ’ అని అర్థం. ఒక్క కంపెనీకే కట్టబెట్టారని రేపు ఆడిట్‌లో ఎవరూ అడగకూడదని పెట్టుకున్న మాట అది. వాళ్ళకు అది రక్షణ, మాకు తలుపు. ఇరవై ఏళ్ళుగా నేను ఆ తలుపులోంచే రాకపోకలు చేస్తున్నాను.

ఆ జిగురు అడిగింది శ్రావణి. భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉంది. భీమవరం దగ్గరి అమ్మాయి, నల్లగండ్లలో ముగ్గురితో కలిసి ఒక ఫ్లాట్‌లో అద్దెకు ఉండేది. ఆ ల్యాబులో టెక్నీషియన్ యాదగిరి, చేవెళ్ళ వైపు మనిషి. ఎక్స్‌రే యంత్రం ఆయన చేతిలో ఉంటే అరగంట పని పావుగంటలో అవుతుంది. నన్ను ‘సేట్’ అంటాడు. అది గౌరవం కాదని ఇద్దరికీ తెలుసు.

“ఇంత ధర పెట్టి జిగురేంటి మేడమ్? తట్ట ఇరిగితే అతికించుకునే జిగురు ఇరవై రూపాయలకు వస్తది” అన్నాను మొదటి రోజు.

“కూర్చోండి రమేశ్ గారూ, చెప్తాను” అని శ్రావణి కాగితం మీద ఒక త్రిభుజం గీసింది. “మూడు మూలల్లో మూడు బుల్లి అయస్కాంతాలు ఉన్నాయనుకోండి. మూడింటికీ ఒకటే పట్టుదల. పక్కది పైకి చూస్తే నేను కిందికి చూడాలి. మొదటిది పైకి, రెండోది కిందికి. మరి మూడోది ఎటు చూడాలండీ?”

నాకు చటుక్కున మా గల్లీ గుర్తొచ్చింది. “మూసాపేటలో మా గల్లీ మూల మీద మూడు కిరాణా కొట్లు ఉండేవి మేడమ్. పక్కోడు మూసిన రోజే మనం తెరవాలని ముగ్గురికీ ఆశ. ఒకడు తెరిచి ఒకడు మూసిండనుకోండి, మూడోవాడు తెరిచినా లొల్లే, మూసినా లొల్లే.”

“సరిగ్గా అదేనండీ! దాన్నే ఫ్రస్ట్రేషన్ అంటాం. ఎవరి తప్పూ లేదు, త్రిభుజంలో ఇరుక్కోవడమే తప్పు.”

యంత్రం దగ్గర నుంచి యాదగిరి తల తిప్పాడు. “మరి ఆ మూడో సేటు ఏంజేసేటోడు?”

“మూడోది మా నాయనదే. షట్టర్ సగం దించి కూసునేటోడు.”

యాదగిరి పగలబడి నవ్వాడు. శ్రావణి మాత్రం నవ్వలేదు, కళ్ళు పెద్దవి చేసింది. “మా పదార్థంలో కూడా అంతేనండీ! అందులో ఎవరూ పూర్తిగా తెరవరు, పూర్తిగా మూయరు. ఎంత చల్లార్చినా సర్దుకోరు.”

ఆ పదార్థంలో పరమాణువుల అమరికను ఆమె కోళ్ళగంప అల్లికతో పోల్చింది. మధ్యలో ఆరు మూలల కన్నం, దాని చుట్టూ త్రిభుజాలు. ప్రతి త్రిభుజంలోనూ మా గల్లీ తగాదాయే. మామూలు అయస్కాంతంలో ఒక్కదాన్ని కదిపితే ఆ కదలిక వరస పొడవునా అలలాగా సాగుతుందట. ఆ అలనే మాగ్నెటిక్ ఎక్సైటేషన్ అంటారు. పదార్థం మీదికి న్యూట్రాన్లను పంపి, అవి ఎంత శక్తి పోగొట్టుకుని ఎటు తిరిగాయో పటం గీస్తే ఆ అల సన్నటి గీతలాగా కనబడుతుందట. ఈ ఆకుపచ్చ పదార్థంలో మాత్రం కదలిక రెండు ముక్కలై చెరో దారి పడుతుందని శాస్త్రం చెబుతోందట. అప్పుడు పటంలో గీత ఉండదు.

“పొగమంచు ఉంటుందండీ. అంచుల్లేని పొగమంచు. నా థీసిస్ అంతా దానికోసమే” అంది.

న్యూట్రాన్ల యంత్రం విదేశంలో ఉంది. దరఖాస్తు పెట్టి, ఒకసారి కాదనిపించుకుని, రెండోసారి అయిదు రోజుల బీమ్ టైమ్ సంపాదించింది. బీమ్ టైమ్ అంటే ఆ యంత్రాన్ని వాడుకోవడానికి మనకిచ్చే గడువు. దాటితే మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు. ఆమె ఫెలోషిప్పు ఆ డిసెంబరుతో సరి. అంటే ఆ అయిదు రోజులే ఆమెకున్న అవకాశం.

ఇక జిగురు సంగతి. ఆ పదార్థంతో ఆమె పెంచిన స్ఫటికాలు పెసరగింజంత ఉంటాయి. ఒక్కటే అయితే న్యూట్రాన్లకు ఆనదు. మూడు వందల పైచిలుకు స్ఫటికాలను అల్యూమినియం రేకుల మీద అన్నీ ఒకే దిక్కుకు చూసేలా అతికిస్తే అప్పుడు ఒక పెద్ద స్ఫటికం కింద లెక్క. ప్రతిదాన్నీ ఎక్స్‌రే కింద పెట్టి, చుక్కల బొమ్మ చూసి, తిప్పి, సరిచూసి అతికించాలి. ఆ జిగురులో హైడ్రోజన్ ఉండకూడదు. హైడ్రోజన్ న్యూట్రాన్లను నాలుగు దిక్కులకూ చెదరగొట్టి తనదైన పొగమంచు లేపుతుంది. దాన్ని తప్పించడానికే ఆమె రెండేళ్ళ పాటు ఆ స్ఫటికాలను మామూలు నీళ్ళలో కాక, న్యూట్రాన్లను అంతగా చెదరగొట్టని భారజలంలో పెంచింది.

హైడ్రోజన్ ఉండకూడదన్న మాట ఆమె నాకు రెండుసార్లు చెప్పింది. ఆమె ల్యాబు ఇచ్చిన కాగితంలో మాత్రం ‘ఫ్లోరినేటెడ్ అడ్హెసివ్, ఫలానా కంపెనీ, ఆర్ ఈక్వివలెంట్’ అని పడింది. నా చెవికి ఫ్లోరిన్ ఒక్కటే ఎక్కింది, నా కంటికి చివరి రెండు మాటలే కనబడ్డాయి. ఆమె దగ్గర మిగిలిన గ్రాంటు అరవై అయిదు వేలు. ముంబై వ్యాపారి దగ్గర ఫ్లోరిన్ జిగురు ఉంది. అతికిస్తుంది, చలికి ఊడదు, సీసా మీద ఫ్లోరిన్ అని రాసి ఉంది. ఇంకేం కావాలి? ఫ్లోరిన్ ఉన్నంత మాత్రాన హైడ్రోజన్ లేనట్టు కాదని డిగ్రీ మూడో ఏడాది పుస్తకంలోనే చదివాను. ధర తెలిశాక అది గుర్తు రాలేదు.

“మీరు లేకపోతే ఏమైపోయేదాన్నోనండీ” అంది సీసా అందుకుంటూ. నేను వినయంగా తల వంచుకున్నాను. ఆ వంచుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తరవాత నాలుగు నెలలు ఆమె మూడు వందల పన్నెండు స్ఫటికాలు అతికించింది. వేరే పనుల మీద వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణి. భూతద్దానికి కళ్ళు ఆనించి, ఊపిరి బిగబట్టి, పట్టకారుతో ఒక్కో గింజ. రేకులన్నీ నిండాక వరసగా నిలబెట్టి చూపించింది. చిన్న పచ్చటి మెట్లలా ఉన్నాయి.

ప్రయాణానికి పది రోజుల ముందు, ఒక శుక్రవారం, ఫోన్ చేసింది. స్ఫటికాలను చేతిపెట్టెలో తీసుకెళ్తోంది కాబట్టి విమానాశ్రయానికీ, అక్కడి కేంద్రానికీ జిగురు తాలూకు ఎంఎస్‌డీఎస్ కావాలట. అంటే ఆ సరుకులో ఏముంది, ముట్టుకుంటే ప్రమాదమేమిటి అని కంపెనీ ఇచ్చే కాగితం. ముంబైకి చెప్పాను. శనివారం పొద్దున పదకొండింటికి మెయిల్ వచ్చింది.

ఇరవై ఏళ్ళలో ఇట్లాంటి కాగితాలు వందల కొద్దీ పంపించాను. ఒక్కటీ చదవలేదు. ఆ రోజు కస్టమ్స్ ఫారంలో సరుకు వివరం నేనే నింపాలి కనుక చదివాను. మూడో పేరాలో రసాయన సూత్రం ఉంది. కార్బన్, ఫ్లోరిన్, హైడ్రోజన్. ఫ్లోరిన్ ఎంత ఉందో ఇంచుమించు అంత హైడ్రోజన్.

కుర్చీలోంచి లేవలేదు. టీ చల్లారిపోయింది. ముందు నాకొచ్చిన ఆలోచన శ్రావణి గురించి కాదు. ఈ కాగితం ఎవరూ చదవరు కదా అన్నది. విమానాశ్రయంలో ముద్ర కొడతారు, ఆ దేశంలో ఫైలులో పెడతారు. రేపు పటంలో పొగమంచు ఎక్కువైతే సవాలక్ష కారణాలు ఉంటాయి. ఆర్ ఈక్వివలెంట్ అని రాసింది వాళ్ళే, సంతకం వాళ్ళదే. నా వైపు కాగితాలన్నీ సక్రమం. ఆ శనివారమంతా నాతో నేనే బేరమాడుకున్నాను. కాగితం పంపలేదు, ఫోను చేయలేదు.

ఆదివారం మధ్యాహ్నం మూసాపేట కొట్టుకు పోయాను. నాన్న తూకం పక్కన కూర్చుని పేపరు చూస్తున్నాడు. గిరాకీ లేదు.

“నాయనా, ఒక దగ్గర తప్పు సరుకు పోయింది. వాళ్ళకు తెల్వది” అన్నాను.

ఆయన పేపరు దించలేదు. “వండుకున్నరా?”

“ఇంకా లేదు.”

“మరి ఈడ ఏంజేస్తున్నవ్‌రా?”

కొట్టు మెట్ల మీదే నిలబడి శ్రావణికి ఫోన్ చేశాను, ల్యాబులోనే ఉంది. మెయిల్ ఆమెకు పంపించి, అరగంటలో అక్కడికి చేరాను. అప్పటికే చదివేసింది. ముఖం తెల్లబోయి ఉంది. పక్కన యాదగిరి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“కొంచెం హైడ్రోజన్ ఉంటే ఫర్వాలేదా మేడమ్?” అన్నాను. అప్పుడు కూడా బేరమే.

“న్యూట్రాన్లతో బేరం కుదరదండీ.”

“పోనీ, ఖాళీ రేకుకు ఇదే జిగురు పూసి విడిగా కొలిచి తీసేస్తే? మేం డబ్బా బరువు తీసేసి సరుకు బరువు చూసుకున్నట్టు?”

ఆమె నన్ను చూసిన చూపులో కోపం లేదు. అదే కష్టంగా ఉంది. “డబ్బా బరువు క్వింటాలు, సరుకు బరువు చిటికెడు అయితే తీసేయగలరా? తూకంలో వచ్చే తేడాయే సరుకు కంటే ఎక్కువ ఉంటుందండీ. గీత కోసం వెతుకుతుంటే పొగలోంచి అయినా కనబడేది. నేను వెతికేదే పొగమంచు. మీ పొగ ఏదో, నా పొగ ఏదో ఎట్లా చెప్పను?”

యాదగిరి అప్పుడు నోరు తెరిచాడు. “ఏంది సేట్ గిట్ల జేసినవ్? నాలుగు నెలలు ఆ పిల్ల కండ్లు పోంగ అతికిచ్చింది. తెల్వకపోతే అడగొద్దా?”

“అడగాల్సింది అన్నా.”

“పైసలు తక్కువైతయంటే మాత్రం నీకు మంచిగ సమజైతది.”

శ్రావణి చెయ్యెత్తి ఆయన్ని ఆపింది. తరవాత నన్ను ఒకటే ప్రశ్న అడిగింది. “ఈ కాగితం మీకెప్పుడు వచ్చిందండీ?”

“ఇవాళ పొద్దున” అన్నాను.

ఆమె లేచి, సీసాలో ఎసిటోన్ ఎంత ఉందో చూసింది.

ఆ జిగురు ఎసిటోన్‌లో కరుగుతుంది. ఆ సాయంత్రానికి మెట్లన్నీ కరిగి, నాలుగు నెలల పని గాజు పళ్ళెంలో గుప్పెడు పచ్చటి గింజలుగా మిగిలింది. ఏది ఎటు చూసేదో ఆనవాలు లేదు. అసలు జిగురు కోసం బెంగళూరులో నాకు తెలిసిన ల్యాబుకు ఫోన్ చేశాను. సగం సీసా ఇస్తామన్నారు. మర్నాడు పొద్దున విమానంలో తెప్పించి శంషాబాద్‌లో అందుకున్నాను. జీవితంలో మొదటిసారి ధర అడగలేదు.

సోమవారం నుంచి ఎనిమిది రోజులు మా ఆఫీసు షట్టరు తీయలేదు. యాదగిరి ఎక్స్‌రే చూసుకున్నాడు, శ్రావణి తిప్పి అతికించింది. గింజలు కడగడం, పగిలినవి పక్కన పెట్టడం, చదునైన ముఖం పైకి వచ్చేలా వరసగా పేర్చడం నా పని. పప్పులో రాళ్ళు ఏరిన వేళ్ళు కదా, ఒక్క గింజ జారలేదు. మూడో రోజు యాదగిరి నా పేర్పు చూసి “సేట్, నువ్వు జిగుర్లమ్ముడు బంద్ జెయ్, ఈడనే నౌకరి జెయ్” అన్నాడు. నన్ను క్షమించాడని కాదు. పని నచ్చింది, అంతే. శ్రావణి కూడా ఆ ఒక్కసారి నవ్వింది.

ఎంత చేసినా రోజుకు సగటున ఇరవై రెండు. ఎనిమిది రోజులకు నూట డెబ్బై ఆరు. ఆఖరి రోజు, సోమవారం సాయంత్రం, ఆమె రేకులు పెట్టెలో సర్దుకుంటుంటే లాగ్‌బుక్ తెరిచి ఉంది. ఏ రోజు ఏ పని జరిగిందో రాసుకునే పుస్తకం అది. తారీకుల వరస, పక్కన అంకెలు. పందొమ్మిది, ఇరవై ఒకటి, ఇరవై నాలుగు... ఆ అంకెలకు పైన ఆదివారం ఉంది, పక్కన ‘కడగడం’ అని రాసి ఉంది. దానికీ పైన ఇంకో వరస. శనివారం, పదకొండు గంటలు. పక్కన సున్నా.

నేను పంపిన మెయిల్ కిందనే ముంబై వాళ్ళ మెయిల్ ఉంది. దాని మీద వేళ ఉంది. ఆమె మొదటి నిమిషంలోనే చూసింది. నేనిచ్చిన జవాబు వింటున్నప్పుడే ఆమెకు తెలుసు. ఎనిమిది రోజులు నా పక్కనే కూర్చుని, నేను కడిగి ఇచ్చిన గింజలు అందుకుంటూ ఒక్క మాట అనలేదు.

అయిదు రోజుల బీమ్ టైమ్‌లో రెండు కొలతలు ఆమె పథకం. ఒకటి బాగా చల్లార్చి, రెండోది కొంచెం వేడెక్కించి. చల్లగా ఉన్నప్పుడు కనబడిన పొగమంచు వేడికి ఎట్లా మారిందో చూపిస్తేనే అది తాను వెతికినదేనని గట్టిగా చెప్పవచ్చట. సరుకు తక్కువైతే లెక్కించే సమయం పెరుగుతుంది. మొదటి కొలతకే నాలుగు రోజులకు పైగా పట్టింది. అక్కడి నుంచి వాట్సాప్‌లో పటం పంపింది. నీలం మీద అంచుల్లేని పసుపు మరక. కింద ‘ఇదేనండీ’ అని మాత్రం రాసింది. రెండో కొలత సగంలో ఉండగా గడువు అయిపోయింది.

మళ్ళీ దరఖాస్తు పెట్టింది, రాలేదు. డిసెంబరులో ఫెలోషిప్పు ఆగింది. ఆ అధ్యాయాన్ని మరిన్ని కొలతలు అవసరమన్న వాక్యంతో ముగించి థీసిస్ ఇచ్చింది. డాక్టరేటు వచ్చింది. ఇప్పుడు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో డేటా చూసే ఉద్యోగం. నిరుడు మెట్రోలో కలిసింది. పలకరింపులయ్యాక అడిగేశాను.

“ఆ శనివారం నేను చెప్పి ఉంటే రెండో కొలత అయ్యేదా?”

రెండు స్టేషన్ల వరకు ఆలోచించింది. నన్ను ఓదార్చడానికి కాదు, నిజంగానే లెక్క వేసింది.

“దగ్గరికొచ్చేదండీ. అయ్యేదో లేదో చెప్పలేను” అంది. తన స్టేషన్ వచ్చింది, దిగిపోయింది.

ఇప్పుడు ఎవరు ఏది అడిగినా ధర కంటే ముందు దేనికోసమని అడుగుతాను. వచ్చిన ప్రతి కాగితమూ మూడో పేరా దాకా చదువుతాను. ఆర్డర్లు కొన్ని తగ్గాయి. ఈక్వివలెంట్ అన్న మాట కనబడితే ఫోన్ తీసి, దేనిలో సమానం ఉండాలి మేడమ్ అని అడుగుతాను. విసుక్కుంటారు.

ఇక బిల్లు. జిగురు నాకు పడింది ఇరవై ఎనిమిది వేలు, నేను వేసింది అరవై వేలు. ఆమెకు ముప్పై రెండు వేలు మిగిల్చానని చెప్పుకున్నాను. నాకూ సరిగ్గా అంతే మిగిలిందని చెప్పలేదు. అసలు సీసా అమ్మి ఉంటే నాకు దక్కేది ఆరు వేలు. ఆ ముప్పై రెండు వేలూ, పైన కొంతా బెంగళూరు సీసాకూ, దాని ప్రయాణానికీ పోయాయి. డబ్బు వరకు చెల్లు.

మిగిలింది స్ఫటికాలు. అతికించడానికి వేళ చాలనివి నూట ముప్పై ఆరు. వాటిలో నూట పద్నాలుగు, కాగితం చదవకుండా సరుకు అమ్మినందుకు. ఇరవై రెండు, కాగితం చదివాక దాచిన ఒక్క రోజుకు.

ఆ నూట పద్నాలుగూ తెలియక పోగొట్టినవి.